ఎనిమిదో చీటీ

“హౌగెన్,” అంది గ్రెటా, ఆఖరి చీటీ విప్పి.

నా ముందున్న కాగితం మీద నాలుగో గీత గీశాను. వోస్‌కు నాలుగు, హౌగెన్‌కు నాలుగు.

రాండల్ వోస్ చెక్క సుత్తి ఎత్తి బల్ల మీద ఒక్కటి కొట్టాడు. “సమానం. ఎవరూ ఎన్నిక కాలేదు. నిబంధన ప్రకారం వచ్చే నెల సమావేశం దాకా పాత అధ్యక్షుడే ఉంటాడు. అంటే మీ ఖర్మ కొద్దీ నేనే!”

రెండు మూడు గొంతులు నవ్వాయి. వోస్ మాత్రం నవ్వలేదు. రాష్ట్ర విద్యాబోర్డులో ఓట్ల లెక్క అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కళ్ళు చిట్లించి ఆ గీతలవంకే చూస్తున్నాడు, హోటల్ బిల్లులో తినని వంటకం కనిపించినవాడిలా.

అప్పుడు బల్ల మధ్యలో ఉన్న ఫోన్ స్పీకరు గరగరలాడింది.

“ఎవరు గెలిచారు? ఈ ట్రక్కుల హారన్లలో ఒక్క ముక్క వినపడి చావడం లేదు!”

నా పెన్సిల్ ఆగిపోయింది.

ఆ గొంతు లోవెల్ ష్రామ్‌ది. బోర్డులో ఎనిమిదో సభ్యుడు, అందరికంటే పెద్దవాడు. పొద్దున హాజరు పిలిస్తే అందరికంటే గట్టిగా “ఉన్నా!” అన్నాడు. కానీ ఆయన ఉన్నది ఈ గదిలో కాదు. నూట ఇరవై మైళ్ళ అవతల, మంచు తుఫానుకు మూసేసిన హైవే గేటు ముందు, తన పికప్ బండిలో. ఫోన్‌లో వినొచ్చు, మాట్లాడొచ్చు, చర్చలో పోట్లాడొచ్చు. అధ్యక్ష ఎన్నికలో రహస్య చీటీ మాత్రం వేయకూడదు. ఆ నిబంధన రెండు గంటల కిందట నేనే చదివి వినిపించాను.

గదిలో ఉన్నది ఏడుగురు సభ్యులు.

పెట్టెలో ఎనిమిది చీటీలు.

“అధ్యక్షా,” అన్నాను. “లెక్క తప్పింది. లోవెల్ ఓటు వేయలేదు. వేయలేరు.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరూ ఒకేసారి ఒకళ్ళనొకళ్ళు వేలితో లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టారు. వెనక సందర్శకుల కుర్చీల్లోంచి ఒక టీచరమ్మ అందరికీ వినపడేలా అంది: “మా పిల్లలకు లెక్కల పరీక్ష పెట్టేది వీళ్ళేనట!”

ఇద్దరు విలేకరులు అప్పటికే రాసుకుంటున్నారు.

తప్పు నాది కూడా. పెట్టె తెరిచి చీటీలు గ్రెటా చేతికి ఇచ్చే ముందు వాటిని లెక్కపెట్టి పైకి చెప్పాల్సింది బోర్డు కార్యదర్శి. అంటే నేను. లెక్కపెట్టాను. “ఎనిమిది, సరిపోయాయి,” అన్నాను కూడా. ఇరవై ఏడు జనవరి నెలలుగా అదే మాట అంటున్నాను. నోరు అలవాటుగా అనేసింది, చెవులు అలవాటుగా నమ్మేశాయి. చీటీ వేసినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళకు నా అలవాటు బాగా తెలుసు.

“కెమెరాలో చూడొచ్చుగా?” అన్నారెవరో.

“చీటీలు వేసేటప్పుడు కెమెరా ఆపేస్తాం,” అంది గ్రెటా. ఆమె బోర్డు లాయరు. “రహస్యం పోకూడదని. మీరు పెట్టుకున్న పద్ధతే.”

వోస్ నావైపు తిరిగాడు. అతనికి ఎప్పుడు కోపం వచ్చినా మర్యాద పెరుగుతుంది.

“ఆర్డిస్ గారూ, చీటీలు కోసేది ఎవరు?”

“నేను.”

“వాటిమీద ముద్ర వేసేది?”

“నేనే.”

“పెట్టె తెచ్చేది, తాళం తీసేది?”

“నేనే, అధ్యక్షా.”

“దారి మూసేశారని లోవెల్ పొద్దున ఆరింటికి ఫోన్ చేసింది ఎవరికి?”

“నాకు. కానీ ఆయన చీటీ ఇదుగో.” ఫైలు తెరిచి తెల్లగా ఉన్న చీటీ ఒకటి తీసి చూపించాను. “ఆయన రారని తెలిశాక బల్ల మీద పెట్టలేదు.”

“అయితే ఇంకొకటి కోసుంటారు. కాగితం మీది, కత్తెర మీది.” సుత్తి అందుకున్నాడు. “ఈ ఎన్నిక చెల్లదు. ఒంటిగంటకు మళ్ళీ కూర్చుందాం. ఆర్డిస్ గారూ, ఈలోపు మీకు రెండు దారులు. లోవెల్ మీద అభిమానంతో పొరపాటున ఆయన ఓటు నేనే వేశానని ఒక ఉత్తరం రాసి, రాజీనామా ఇచ్చి ఇంటికి వెళ్ళొచ్చు. లేదంటే ఒంటిగంటకు ఇంతమంది ముందు మిమ్మల్ని తీసేయమని నేనే తీర్మానం పెడతాను. ఆ తర్వాత పోలీసులు చూసుకుంటారు.”

సుత్తి పడింది. గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు తక్కువ.

*

పక్క గదిలో చిల్లీ ఉడుకుతున్న వాసన. మా రాష్ట్రంలో ఏ బడికి వెళ్ళినా చలికాలం శుక్రవారం మధ్యాహ్నం అదే భోజనం: బీన్స్, మాంసం కలిపి ఘాటుగా వండిన చిల్లీ, పక్కన దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె చుట్ట. బోర్డు కూడా జనవరి సమావేశంలో అదే తింటుంది. ఓటు ఎవరు ఎవరికి వేసినా, ఒకే గిన్నెలోంచి వడ్డించుకోవాలన్నది పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి.

నాకు గిన్నె తెచ్చిపెట్టింది మార్లిస్ హౌగెన్. వోస్‌కు పోటీగా నిలబడిన మనిషి. రాష్ట్రానికి పడమటి కొసన, ఇసుక దిబ్బల మధ్య పల్లెల్లో నలభై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయింది. మా ఆయన జీన్ ఆసుపత్రిలో ఉన్న ఆఖరి వారం రోజులూ, రోజుకు రెండొందల మైళ్ళు బండి నడుపుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

“తిను. ఖాళీ కడుపుతో ఏడిస్తే తలనొప్పి వస్తుంది.”

“నేనేం ఏడవడం లేదు.”

“సరే, చిల్లీ ఘాటు.” కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. “ఆర్డిస్, చెప్తే తిట్టుకోకు. ఆ ఉత్తరం రాసేయ్.”

చెంచా గిన్నెలోనే వదిలేశాను. “ఏంటీ?”

“పొరపాటు అని రాయి. పొరపాటుకు ఎవరూ జైల్లో వెయ్యరు. ఒంటిగంటకు ఇంతమంది ముందు ఆ వోస్‌గాడి నోట్లో పడటం కంటే మేలు కదా?”

“చెయ్యని పనికా?”

“వాడి నోరు మూతపడటానికి.”

మార్లిస్ ఎప్పుడూ వెనక్కి తగ్గమని చెప్పే మనిషి కాదు. నా కోసం భయపడుతోంది కాబోలు అనుకున్నాను. లేచి గ్రెటా కోసం వెళ్ళాను.

“ఆ చీటీలు నేను ఒకసారి చూడాలి,” అన్నాను. “మీ ఎదురుగానే. ముట్టుకోను.”

గ్రెటా చీటీలు భద్రపరిచిన కవరు విప్పింది. ఎనిమిది చీటీలనూ బల్ల మీద వరసగా పరిచింది. అన్నిటికీ ఒకే కాగితం, ఒకే కొలత. అందరికీ నేనిచ్చే ఒకే రకం పొట్టి పెన్సిళ్ళతో, పెద్ద అక్షరాల్లో పేర్లు. చేతిరాత దొరక్కుండా అలా రాయడమే మా పద్ధతి.

నేను పేర్లు చూడలేదు. ముద్రలు చూశాను. నాగలి, గోధుమ కంకి, చుట్టూ గుండ్రటి అంచు.

ఏడు చీటీలమీద అంచు నిండుగా ఉంది. ఒకదానిమీద, కింద ఎడమవైపు, గింజంత తెగింది.

“గ్రెటా,” అన్నాను. “ఆగస్టులో మీరూ నేనూ కలిసి ఏం నాశనం చేశాం?”

“అంచు తెగిన పాత రబ్బరు ముద్ర. యంత్రంలో వేసి ముక్కలు చేశాం. నేను సాక్షి సంతకం కూడా...” ఆమె మాట మధ్యలో ఆగింది. వంగి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూసింది. “ఇది పాత ముద్ర.”

“ఈ చీటీ ఈ ఏడాదిది కాదు. ఇది నేను ఈ ఉదయం కోసింది కాదు. పోయిన జనవరిదో, అంతకుముందుదో.”

“దానిమీద పేరు చూశారా?”

అప్పుడు చూశాను. హౌగెన్.

“అంటే మార్లిస్ జట్టులో ఎవరో,” అంది గ్రెటా నెమ్మదిగా. “అసలు లెక్క వోస్ నాలుగు, హౌగెన్ మూడు. వోస్ గెలిచేవాడు. దీంతో సమానం అయింది. వచ్చే నెల లోవెల్ వస్తాడు, మళ్ళీ పోటీ.” నావైపు చూసింది. “పాత చీటీ బయట ఎవరి దగ్గరైనా ఉండే వీలుందా?”

“లేదు. మిగిలినవి అందరి ముందే చించేస్తాను. ఏ ఏడాదికి ఆ ఏడాది ఎన్ని కోశానో, ఎన్ని పంచానో నీలం పుస్తకంలో రాస్తాను.”

“ఆ పుస్తకం?”

“కింద, నేలమాళిగలో.”

గడియారం పన్నెండు ఇరవై అయిదు చూపిస్తోంది.

*

నేలమాళిగలో దీపం ఒకటే. అరల నిండా ఇరవై ఏడేళ్ళ నా చేతిరాత. పోయిన ఏడాది పుస్తకం పై వరసలోనే ఉంది. జనవరి పేజీ తీశాను.

*కోసినవి పది. పంచినవి ఎనిమిది. ఒకరు తమ చీటీ పోయిందంటే మారుగా ఒకటి. మిగిలింది ఒకటి, చించేశాను. పెట్టెలో ఎనిమిది. పోయిన చీటీ దొరకలేదు.*

ఆ వాక్యం పక్కన, నా చేత్తోనే, రెండు అక్షరాలు. ఎం. హెచ్.

గుర్తొచ్చింది. మార్లిస్ కాఫీ కోసం లేచి వెళ్ళి, తిరిగొచ్చి, కాగితాలన్నీ తిరగేసి, నవ్వుతూ చెయ్యి చాపింది. “నా చీటీకి రెక్కలొచ్చాయి ఆర్డిస్, ఇంకోటి ఇవ్వు.” ఇచ్చాను.

మెట్ల మీద అడుగుల చప్పుడు.

“గ్రెటా చెప్పింది, నువ్వు కిందకి వచ్చావని,” అంది మార్లిస్. దీపం కింద ఆగి, నా చేతిలోని పుస్తకం చూసింది. తర్వాత నా మొహం చూసింది. నలభై ఏళ్ళు పిల్లల మొహాలు చదివిన మనిషి.

“ఎక్కడ దొరికింది?” అన్నాను.

“ఫైలు వెనక జేబులో. నిజంగానే పోయింది ఆర్డిస్, ఒట్టు. మార్చిలో కనపడింది. పారేద్దామనుకుంటూనే ఉన్నా.” మెట్టు మీద కూలబడింది. “పొద్దున లోవెల్ రావట్లేదన్నావు. నా నాలుగో ఓటు అదే. ఇరవై ఏళ్ళుగా ఆయనా నేనూ ఒకే మాట. నేను చేసింది ఆయన ఓటు పెట్టెలో వేయడం. మంచు కురవకపోతే ఆయనే వేసేవాడు.”

“అది నువ్వు చెయ్యాల్సిన పనా?”

“వోస్ ఇవాళ గెలిస్తే మధ్యాహ్నమే ఏ విషయం చర్చకు తెస్తాడో నీకు తెలీదా? ఆ పట్టీ టైపు చేసింది నువ్వే. మా వైపు పదకొండు బడుల మూత. ఆరేళ్ళ పిల్లలు ఆ చలిలో యాభై మైళ్ళు బస్సెక్కి పోవాలి. ఎన్నికైన అధ్యక్షుడే కదా కొత్త విషయాలు చర్చకు తెచ్చేది, ఎన్నిక తేలేదాకా పాతవాడు తేలేడు! ఇంకో ఓటు కూడగట్టుకోవడానికి ఒక్క నెల చాలు నాకు. ఒక్క నెల.”

“మరి నేను?”

ఆమె తల దించుకుంది.

“పైన నాకు చిల్లీ తెచ్చిపెట్టి, ఉత్తరం రాయమన్నావు,” అన్నాను. “నా పక్కన కూర్చుని.”

“ఫిబ్రవరిలో నేను గెలుస్తా. గెలిచిన రోజే నిన్ను వెనక్కి పిలుస్తా. మొదటి తీర్మానం అదే. ఎవరికీ గుర్తు కూడా ఉండదు.”

“నాకు ఉంటుంది. మా ఊళ్ళో ఉంటుంది. జీన్ సమాధి మీద రాసిన ఇంటిపేరు నాది కూడా, మార్లిస్. దాని పక్కన ‘ఓటు దొంగ’ అని రాయిస్తావా?”

“పదకొండు బడులు, ఆర్డిస్.”

“వాటి కోసం నువ్వు నీ పేరు పెట్టొచ్చు. నా పేరు పెట్టావు.”

ఆమె చెయ్యి చాపింది. పుస్తకం కోసమో, నా చేతి కోసమో తెలియలేదు. నేను పుస్తకాన్ని గుండెకు ఆనించుకుని, ఆమెను దాటి మెట్లెక్కాను. వెనకనుంచి గొంతు వినపడింది, చాలా చిన్నగా: “నువ్వు చెప్పవు. నాకు తెలుసు.”

ఆ మాట నిజమవుతుందేమోనని పై మెట్టు దాకా నాకూ భయంగానే ఉంది.

*

ఒంటిగంటకు గదిలో నిలబడటానికి కూడా చోటు లేదు. వార్త ఎలా పాకిందో, ఆ మంచులో కూడా జనం వచ్చారు. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది.

“ఉత్తరం రాశారా, ఆర్డిస్ గారూ?” అన్నాడు వోస్.

“లేదు, అధ్యక్షా.”

“అయితే తీర్మానం. లోవెల్ ష్రామ్ ఓటును అక్రమంగా వేసినందుకు బోర్డు కార్యదర్శి ఆర్డిస్ కూబిక్‌ను పదవి నుంచి...”

“ఆగవయ్యా!” స్పీకరు అరిచింది. గదంతా ఉలిక్కిపడింది. “నా ఓటు గురించి నన్ను అడగరేం? నేను చచ్చానా? గేటు ముందు ఉన్నా అంతే!”

“లోవెల్, మీ వంతు వచ్చినప్పుడు...”

“ఇదే నా వంతు. ఆ దొంగ చీటీ మీద ఎవరి పేరుందో ముందది చెప్పండి.”

గ్రెటా కవరులోంచి ఆ చీటీ తీసింది. “హౌగెన్.”

ఫోన్‌లో ముసలాయన నవ్వాడు, దగ్గుతూ.

“అయితే అది ఆర్డిస్ వేసింది కాదు. పొద్దున ఆరింటికి ఆ అమ్మాయికి చెప్పకూడని మాట ఒకటి చెప్పా. నేను రాకపోవడం వోస్‌కు నష్టంలే అన్నా. ఎందుకంటే ఈసారి వోస్‌కే వేద్దామనుకున్నా.”

గదిలో కలకలం రేగింది. వోస్ నోరు తెరుచుకుంది.

నేను ఆయన వైపు, అంటే స్పీకరు వైపు, చూస్తూ ఉండిపోయాను. నిజమే, ఆ మాట అన్నాడు. పొద్దున గుమ్మం ముందు మంచు తవ్వుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపట్టి, లోవెల్ ఎప్పటిలా వేళాకోళం ఆడుతున్నాడనుకుని వదిలేశాను.

“మీరా?” అన్నది మార్లిస్. కుర్చీలోంచి సగం లేచింది. “లోవెల్, మీరు వోస్‌కా?”

“కోప్పడకు మార్లిస్. నువ్వు పంపే చెర్రీ కేకు బాగుంటుంది. కానీ పోయిన నెల మా ఊరి బడిలో నలుగురు పిల్లలకు ముగ్గురు టీచర్లు ఉండటం నా కళ్ళతో చూశా. ఆ నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని విసిగిపోయారు. మనసు మార్చుకున్నా. నీకు ఎదురుగా చెప్పే ధైర్యం లేక, చీటీలో చెప్దామనుకున్నా. అందుకేగా అది రహస్యం.”

మార్లిస్ మెల్లగా కూర్చుంది. ఆమె చేతులు బల్ల మీద ఫైలును పట్టుకుని ఉన్నాయి. లోవెల్ వచ్చుంటే వోస్‌కు అయిదు, ఆమెకు మూడు. ఆమె కాపాడుకున్న ఓటు అసలు లేనే లేదు.

వోస్ తేరుకున్నాడు. “ఇది ఆమెకు సాక్ష్యం ఎలా అవుతుంది? విన్న మాట ఆమె నమ్మి ఉండకపోవచ్చు. తీర్మానం అలాగే ఉంది.”

“అధ్యక్షా,” అంది గ్రెటా. “ఆ చీటీ మీద ఉన్నది ఆగస్టులో ముక్కలు చేసిన పాత ముద్ర. నేనే సాక్షిని. అది ఈ ఏడాది చీటీ కాదు. కార్యదర్శి దగ్గర పాత లెక్క ఉంది. పోయిన ఏడాది ఒకే ఒక్క చీటీ దొరక్కుండా పోయింది. ఎవరిదో ఆమె పుస్తకంలో రాసుంది. ఆ పేజీ నేనింకా చూడలేదు.”

అందరి తలలూ నావైపు తిరిగాయి. విలేకరుల పెన్నులు ఆగాయి.

“చదవండి,” అన్నాడు వోస్. మొదటిసారి అతని గొంతులో మర్యాద లేదు, ఆత్రం ఉంది.

నీలం పుస్తకం తెరిచాను. అక్షరాలు రెండే. సమావేశాల లెక్కల్లో పొడి అక్షరాలు రాయకూడదని, పేరు పూర్తిగా రాయాలని, ఇరవై ఏడేళ్ళుగా కొత్తవాళ్ళందరికీ నేనే నేర్పాను.

బల్ల అవతలి నుంచి మార్లిస్ నన్నే చూస్తోంది. చెప్పొద్దని బతిమాలడం లేదు. ఆసుపత్రి వరండాలో, డాక్టరు తలుపు తీసుకుని బయటికి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని చూసిన చూపు అది. ఏం వినబోతున్నామో తెలిసిన చూపు.

“ఆర్డిస్ అమ్మాయ్,” అన్నాడు లోవెల్ ఫోన్‌లో. “వినపడేలా చెప్పు. ఇక్కడ గోల ఎక్కువ.”

పుస్తకం మూసేశాను. దాని అవసరం లేదు. లేచి నిలబడి, హాజరు పిలిచే గొంతుతో, స్పీకరుకూ కెమెరాకూ వెనక గోడ దాకా ఉన్న అందరికీ వినపడేలా చెప్పాను.

“మార్లిస్ హౌగెన్.”